సినిమా పాతబడ్డాక రైడ్ నిలుస్తుందా?

వేసవి సెలవులు దగ్గరపడగానే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకే ప్రశ్న మొదలవుతుంది. ఈసారి ఎక్కడికి? ఒకప్పుడు ఆ ప్రశ్నకు నానీ ఉన్న ఊరు, ఆ ఊరి మామిడితోట జవాబుగా సరిపోయేవి. ఇప్పుడు పిల్లలు థీమ్ పార్కుల పేర్లు చెబుతున్నారు. బంధువులు దుబాయిలోనో, సింగపూరులోనో, అమెరికాలోనో ఉన్న కుటుంబాలలో ఆ పేర్లు మరింత గట్టిగా వినిపిస్తాయి. ఆ పార్కులకు పెద్ద ఆకర్షణ సినిమాల ఆధారంగా కట్టిన రైడ్లు. ఎవరో తెర మీద చూపిన కథలోకి మనమే పడవెక్కి, బండెక్కి వెళ్ళివచ్చినట్టు అనిపించేలా చేసే ఏర్పాటు అది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. సినిమా ఆయుష్షు వేరు, యంత్రం ఆయుష్షు వేరు. ఎంత పేరుపొందిన సినిమా అయినా కొంతకాలం ఆడి, ఆపై జ్ఞాపకంగా మారుతుంది. దాని పేరున కట్టే రైడ్‌కు పునాదులు తవ్వాలి, ఉక్కు పట్టాలు వేయాలి, యంత్రాలు బిగించాలి. అది పూర్తికావడానికే ఏళ్ళు పడుతుంది. పూర్తయిన తరువాత ఎన్నో ఏళ్ళు నడిస్తేనే దాని మీద పెట్టిన ధనానికి ఫలితం దక్కుతుంది. మరి సినిమా చూసిన తరం పెద్దదై, చూడని తరం వచ్చి వరుసలో నిలబడినప్పుడు ఆ రైడ్‌కు ఇంకా అర్థం మిగిలి ఉంటుందా?

దీని గురించి మాట్లాడడానికి మీరెవరని పాఠకులు మమ్మల్ని అడగవచ్చు. అడగడం న్యాయమే. మాకు యాభై ఏడేళ్ళు. ముప్పై ఏళ్ళుగా మదర్సాలో అరబీ వ్యాకరణం బోధిస్తున్నాము. సినిమాలు చూసే అలవాటు మాకు లేదు. ఈ ప్రశ్నకు సంబంధించినంత వరకు అదే మా అర్హత అని భావిస్తున్నాము. సినిమా చూడనివారికి కూడా ఆ రైడ్ ఏమైనా ఇస్తుందా లేదా అన్నదే అసలు పరీక్ష అయితే, ఆ పరీక్షకు మాలాంటివారే తగినవారు.

మా తమ్ముడు 1998లో పైచదువు కోసం ఫ్లోరిడా వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. ఇంటికి దూరంగా గడిపిన మొదటి ఈద్ నాడు తోటి విద్యార్థులు అతణ్ణి ఓర్లాండోలోని యూనివర్సల్ స్టూడియోస్ పార్కుకు తీసుకువెళ్ళారు. అక్కడ 'బ్యాక్ టు ద ఫ్యూచర్' అనే రైడ్ ఎక్కాడు. ఎనిమిదిమంది పట్టే కారు ఆకారపు వాహనం, దాని ఎదుట గుమ్మటం లోపలి వైపులా వంగిన బ్రహ్మాండమైన తెర. కారు కదిలేది కొద్ది అడుగులే. కూర్చున్నవారికి మాత్రం కాలాన్ని దాటి, కొండలమీదుగా, మంచుమీదుగా దూసుకుపోతున్నట్టు ఉంటుందట. ఆ రాత్రి అతడు ఫోన్ కార్డు కొని ఇంటికి ఫోన్ చేశాడు. కార్డులోని నిమిషాలన్నీ ఆ రైడ్ ముచ్చటకే ఖర్చయ్యాయి. అమ్మీకి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతా విని, "కిందపడలేదు కదా బేటా?" అని మాత్రం అడిగింది. ఆ మాటను తలచుకుని మా ఇంట్లో చాలా ఏళ్ళు నవ్వుకున్నాము. ఇప్పుడు అమ్మీ లేదు.

రెండేళ్ళ క్రితం మేము మొదటిసారి తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు అతడు మమ్మల్నీ, పదకొండేళ్ళ కొడుకునూ ఆ పార్కుకే తీసుకువెళ్ళాడు. ఆ రైడ్ 2007లోనే మూతపడిందని అతనికి తెలుసు. భవనం మాత్రం ఉన్నది. అదే భవనంలో, అవే గుమ్మటపు తెరల ముందు, 2008 నుండి 'ద సింప్సన్స్' అనే కార్టూన్ ధారావాహిక పేరున మరో రైడ్ నడుస్తున్నది. భవనం ముందు నిలబడి తమ్ముడు, "మీ దాదీకి ఫోన్‌లో చెప్పినది ఇక్కడి సంగతే" అన్నాడు. పిల్లవాడు తలెత్తి చూసి, "ఇప్పుడున్నది కూడా బాగానే ఉందట కదా అబ్బా, వరుస పెరిగిపోతోంది, రండి" అన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు. తమ్ముడు కొంచెంసేపు మౌనంగా ఉండిపోయాడు.

అతని జ్ఞాపకాల్లోని మరొక రైడ్ కూడా అక్కడ లేదు. 1975లో వచ్చిన 'జాస్' అనే సొరచేప సినిమా ఆధారంగా కట్టిన పడవ ప్రయాణం అది. 2012 జనవరిలో దాన్ని మూసివేశారు. ఆ చోట 2014లో హ్యారీ పోటర్ కథలలోని లండన్ వీధిని కట్టారు. అలాగే 1996 నాటి సుడిగాలి సినిమా 'ట్విస్టర్' పేరున 1998లో తెరచిన ప్రదర్శన 2015లో ముగిసింది. ఇవన్నీ తమ కాలంలో జనం విరగబడి చూసిన సినిమాలే. ఇంతవరకే చూస్తే, సినిమా రైడ్లు ఒక తరానికి మించి నిలవవనే అనిపిస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఒక చెట్టునీడన జుహ్ర్ నమాజు చేసుకున్న తరువాత పిల్లవాడు మమ్మల్ని మరొక రైడ్‌కు లాక్కుపోయాడు. దాని పేరు 'ఇ.టి. అడ్వెంచర్'. 1982 నాటి సినిమా, 1990 నాటి రైడ్. ఆ పార్కు తెరచిన నాటి రైడ్లలో ఇంకా నడుస్తున్నది ఇదొక్కటే. లోపలికి వెళ్ళేటప్పుడు పేరు అడిగి ఒక కార్డు ఇస్తారు. చీకటి అడవిలా అమర్చిన దారిలో నడుస్తుంటే దేవదారు చెట్ల వాసన వస్తుంది. చివరికి సైకిళ్ళలాంటి ఆసనాల మీద కూర్చుంటే అవి పైకి లేచి, దీపాలు వెలిగే పట్నం మీదుగా ఎగురుతాయి. వేరే గ్రహం నుండి వచ్చి భూమి మీద ఒంటరిగా చిక్కుబడిన ఒక ప్రాణి మన సైకిలు ముందరి బుట్టలో కూర్చుని ఉంటుంది. దాన్ని ఇంటికి చేర్చాలి. అంతే కథ. చేర్చిన తరువాత అది ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి వీడ్కోలు చెబుతుంది.

ఆ సినిమా మేము చూడలేదు. పిల్లవాడూ చూడలేదట. మాకు ఎవరూ ఏమీ వివరించనక్కరలేకపోయింది. దూరదేశంలో తప్పిపోయిన ఒక బిడ్డ ఇంటికి వెళ్ళాలనుకుంటున్నదని మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. వీడ్కోలు వేళ మా పేరులాంటిదే ఒకటి వినిపించింది. "బడే అబ్బా, మీ పేరే!" అని పిల్లవాడు మా మోచెయ్యి పట్టుకుని ఊపాడు. పక్క ఆసనంలో తమ్ముడు కళ్ళు తుడుచుకోవడం మాకు కనిపించింది. ఇరవై ఐదేళ్ళకు పైగా ఇంటికి దూరంగా ఉన్నవాడికి ఆ కథ సినిమా చూసి తెలుసుకోవలసినది కాదు.

సినిమా రైడ్ గురించి మాకు అర్థమైన మొదటి సంగతి ఇదే. సినిమా తెలిస్తేనే రుచించే రైడ్, ఆ సినిమాను మరచిన నాడు వట్టి యంత్రమవుతుంది. సినిమాతో నిమిత్తం లేకుండా ఒక సాదా మానవానుభవాన్ని, అంటే ఇల్లు చేరడం, ఎగరడం, తప్పించుకోవడం వంటిదాన్ని, తనంతట తానే ఇవ్వగలిగిన రైడ్‌కు సినిమా పాతబడినా నష్టం లేదు.

దీనికి మరికొన్ని దృష్టాంతాలు చూడవచ్చు. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో 1967లో సముద్రపు దొంగల పేరున ఒక పడవ ప్రయాణం మొదలైంది. 'పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్' అన్న ఆ రైడ్‌కు అప్పుడు సినిమా లేదు. ముప్పై ఆరేళ్ళ తరువాత, 2003లో, ఆ రైడ్ ఆధారంగానే సినిమా తీశారు. ఆపై 2006లో ఆ సినిమా కథానాయకుడి బొమ్మను తెచ్చి రైడ్‌లో చేర్చారు. రేపు ఆ సినిమాలను అందరూ మరచిపోయినా, దానికి ముందే మూడు దశాబ్దాలు ఒంటరిగా నడిచిన ఆ పడవకు వచ్చిన లోటేమీ ఉండదు. 1995 నాటి 'వాటర్‌వరల్డ్' మరొక ఉదాహరణ. అపారమైన ధనం వెచ్చించి తీసిన ఆ సినిమాకు ఆశించిన ఆదరణ దక్కలేదు. అదే ఏడు హాలీవుడ్‌లోని యూనివర్సల్ పార్కులో దాని పేరున మొదలైన నీటి యుద్ధ ప్రదర్శన మాత్రం దశాబ్దాలుగా సాగుతున్నది. నీరు, నిప్పు, దూకుడు పడవలు. వీటిని చూసి ఆనందించడానికి ఏ సినిమా అవసరం?

'అవతార్' సినిమా 2009లో వచ్చింది. దాని పేరున ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో ఒక విభాగం 2017లో తెరచారు. అప్పటికి ఎనిమిదేళ్ళు గడిచాయి, రెండవ భాగం ఇంకా రాలేదు. ఈ సినిమాను ఇంకా ఎవరు తలచుకుంటారని పెదవి విరిచినవారు ఉన్నారు. అయినా అక్కడి ఎగిరే రైడ్ ముందు గంటల తరబడి వరుసలు నిలిచాయి. ఒక రెక్కల జీవి వీపు మీద కూర్చున్నట్టు, అది ఊపిరి తీసుకోవడం మన కాళ్ళకు తెలిసేటట్టు దాన్ని అమర్చారు. ఎగరాలన్న కోరిక ఏ సినిమాతోనూ పుట్టలేదు కదా!

అన్నిటికంటే మమ్మల్ని ఆలోచింపజేసినది 'స్ప్లాష్ మౌంటెన్' సంగతి. దుంగ ఆకారపు పడవలో సాగి, చివర సుమారు 50 అడుగుల ఎత్తు నుండి నీటిలోకి జారే ఈ రైడ్ 1989లో డిస్నీలాండ్‌లో మొదలై, 1992లో ఫ్లోరిడాకూ, టోక్యోకూ చేరింది. దానికి ఆధారం 1946 నాటి 'సాంగ్ ఆఫ్ ద సౌత్' అనే సినిమా. అమెరికా దక్షిణాది రాష్ట్రాల తోటలలో నల్లజాతివారి బ్రతుకును ఎంతో సుఖమైనదన్నట్టు చూపినందుకు ఆ సినిమా విడుదలైన నాడే నల్లజాతివారి హక్కుల సంఘం అభ్యంతరం చెప్పింది. అమెరికాలో దాన్ని ఇళ్ళలో చూసుకునే క్యాసెట్టుగా ఎన్నడూ విడుదల చేయలేదు. అంటే, ఆ రైడ్ ఎక్కిన పిల్లలలో ఎక్కువమందికి ఆ సినిమా చూసే వీలే లేదు. అయినా ముప్పై ఏళ్ళు దాన్ని ప్రేమించారు. కారణం ఒకటి ఆ జారుడు, మరొకటి అందులోని కుందేలు కథ.

ఆ కుందేలు సినిమాది కాదు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాసులు తమ వెంట తెచ్చుకుని, తరతరాలుగా పిల్లలకు చెప్పుకున్న కథలలోనిది. బలంలేని కుందేలు తెలివితో నక్కనూ, ఎలుగుబంటినీ బోల్తా కొట్టిస్తుంది. మా విద్యార్థులు అరబీలో 'కలీలా వ దిమ్నా' చదివేటప్పుడు సింహాన్ని బావి దగ్గరకు తీసుకువెళ్ళిన కుందేలును కలుసుకుంటారు. ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబీలోకి తెచ్చిన ఆ గ్రంథానికి మూలం మన పంచతంత్రమే. బలహీనుడి తెలివి ఏ దేశంలోనూ పాతబడని కథ. పాతబడినది దాని చుట్టూ సినిమా వేసిన చట్రం.

చివరికి ఆ చట్రం కారణంగానే రైడ్‌ను మార్చవలసి వచ్చింది. 2020లో ఆ నిర్ణయం ప్రకటించారు. 2023లో అమెరికాలోని రెండు చోట్లా పాత రైడ్‌ను ఆపి, 2009 నాటి ఒక సినిమాలోని టియానా అనే నల్లజాతి యువతి కథతో 2024లో మళ్ళీ తెరచారు. కొండ అదే, నీరు అదే, జారుడు అదే. పాత కథను ప్రేమించినవారు నొచ్చుకున్నారు. ఆ సినిమా వల్ల నొచ్చుకున్నవారు మార్పును ఆహ్వానించారు. తమ్ముడి మౌనం చూసిన మేము మొదటివారిని తేలికగా కొట్టిపారేయలేము. అయినా ఒకరి బాల్య జ్ఞాపకం మరొకరి తాతల అవమానం మీద నిలబడి ఉన్నప్పుడు, మార్చడమే న్యాయమని మా అభిప్రాయం. కుందేలుకు రైడ్ లేకపోయినా కథ ఉన్నది.

ఇక మన పాఠకులలో చాలామందికి దగ్గరైన ఉదాహరణ. కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్‌ల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఎందరో. దుబాయిలో 2016లో హిందీ సినిమాల పేరున ఒక పార్కే తెరచారు. బాలీవుడ్ పార్క్స్ అన్న ఆ చోట 'షోలే', 'లగాన్' వంటి సినిమాలకు రైడ్లు కట్టారు. 1975 నాటి 'షోలే'ను ఈనాటికీ మరచినవారు లేరు. సినిమా చూడని మాకే అందులోని దొంగ పేరు తెలుసు. అయినా ఆ పార్కు 2023 ఏప్రిల్‌లో శాశ్వతంగా మూతపడింది. సినిమా బ్రతికే ఉన్నది, రైడ్ పోయింది. ఖ్యాతి ఒక్కటే రైడ్‌ను నిలబెట్టలేదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

మంచి రైడ్ అయినంత మాత్రాన తప్పక నిలుస్తుందని కూడా చెప్పలేము. మమ్మల్ని కదిలించిన ఇ.టి. రైడే కాలిఫోర్నియాలో 2003లో, జపాన్‌లోని ఒసాకాలో 2009లో మూతపడింది. స్థలం, ఖర్చు, కొత్త సినిమా తెచ్చే ఆదాయం, ఇవన్నీ యజమానుల లెక్కలు. ఆ లెక్కలలో మన జ్ఞాపకాలకు స్థానం ఉండదు. హైదరాబాదు వెలుపల 1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్ సిటీలో 'బాహుబలి' సెట్లను సందర్శకుల కోసం ఉంచారు. ఆ సినిమా రెండవ భాగం వచ్చిన 2017 తరువాత పుట్టిన పిల్లలు ఇప్పుడు వాటి ముందు ఫోటోలు దిగుతున్నారు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ పిల్లలు తమ సంతానాన్ని తీసుకువస్తే అక్కడ ఏముంటుందో ఎవరు చెప్పగలరు?

ఈ సందర్భంలో మా వృత్తి నుండి ఒక మాట. అరబీ వ్యాకరణంలో కర్తనూ కర్మనూ బోధించడానికి వందల ఏళ్ళుగా ఒకే ఉదాహరణ వాడుతున్నారు. 'జైద్ అమ్ర్‌ను కొట్టాడు.' ఈ జైద్ ఎవరు, అమ్ర్ ఏం తప్పు చేశాడు అని ప్రతి ఏటా ఎవరో ఒక కొంటె విద్యార్థి అడుగుతాడు. తెలియనవసరం లేదు. కొట్టినవాడెవరో, దెబ్బ తిన్నదెవరో పదాల చివరి స్వరం చెబుతుంది. ఆ వాక్యం ఎవరి ఖ్యాతి మీదా ఆధారపడలేదు, అందుకే అరిగిపోలేదు. పాఠ్యగ్రంథాలలో ఒంటెల జీను గురించీ, తోలు నీటిసంచుల గురించీ వచ్చే ఉదాహరణలు అలా కాదు. నేటి పిల్లవాడికి ముందు జీను ఏమిటో చెప్పి, ఆ తరువాత సూత్రం చెప్పవలసి వస్తుంది. అక్కడ మేము బస్సునూ, నీళ్ళ సీసానూ తెచ్చి పెడతాము. సూత్రాన్ని మాత్రం ముట్టుకోము.

మంచి రైడ్ల నిర్మాతలు చేస్తున్నదీ ఇదే. 'స్టార్ వార్స్' సినిమాల ఆధారంగా 1987లో డిస్నీలాండ్‌లో తెరచిన 'స్టార్ టూర్స్'లో విమాన చోదకులకు శిక్షణనిచ్చే యంత్రాల పద్ధతిని వాడారు. అందులో ఎన్నో ఏళ్ళు ఒకే ప్రయాణం చూపారు. 2011లో దాన్ని మార్చి, దృశ్యాలు ఎప్పటికప్పుడు కలిసి 54 రకాల ప్రయాణాలు వచ్చేలా అమర్చారు. అంతరిక్ష ప్రయాణమన్న సూత్రం అలాగే ఉన్నది, ఉదాహరణలు మారాయి.

మరి ఒక తండ్రి ఎక్కిన రైడ్ కొడుకుకు దక్కకపోతే ఆ ఇంటికి నష్టమేనా? ఆ రాత్రి ఇంటికి చేరాక పిల్లవాడు తనంతట తానే తండ్రిని అడిగాడు. "ఆ పాత రైడ్‌లో ఏముండేది? దాదీకి ఫోన్‌లో ఏం చెప్పారు?" తమ్ముడు రెండు కుర్చీలు దగ్గరకు జరిపి, వాణ్ణి కూర్చోబెట్టి, కుర్చీని ఊపుతూ చెప్పాడు. కొండలు వచ్చాయి, మంచు వచ్చింది, చివరికి అమ్మీ అడిగిన ప్రశ్న వచ్చింది. పిల్లవాడు పగలబడి నవ్వాడు. యూనివర్సల్ వారు ఆ రైడ్‌ను ఉంచినా, ఆ చివరి వాక్యం అందులో ఉండేది కాదు. అది తమ్ముడు మాత్రమే ఇవ్వగలిగినది.

కాబట్టి సెలవులకు పిల్లలను ఇలాంటి చోట్లకు తీసుకువెళ్ళే తల్లిదండ్రులకు మా సూచన చిన్నది. టికెట్టు ధర చూసినట్టే, ఈ రైడ్ మన పిల్లలకు ఏ కథ చెబుతుందో కూడా ముందే చూసుకోండి. సినిమా కొత్తదా పాతదా అన్నది అంత ముఖ్యం కాదు. ఆ సినిమా పేరు తీసేస్తే ఏం మిగులుతుందన్నది ముఖ్యం. తిరిగి వచ్చాక, రాలేకపోయిన నానీకో, దాదాకో ఫోన్ చేసి, జరిగినదంతా పిల్లల చేతనే చెప్పించండి. అవతల ఉన్నవారికి అంతా అర్థం కాకపోవచ్చు. అయినా చెప్పనివ్వండి, వారు అడిగే ప్రశ్నలు విననివ్వండి. యంత్రాలు యజమానులవి, వాటిని వారు ఎప్పుడైనా మార్చుకుంటారు. చెప్పుకున్న మాటలు మన ఇళ్ళవి.